పాత మినీ ట్రాక్టర్‌కు ముందు బ్లేడు బిగించవచ్చా? (కల్లంలో వడ్లు కుప్ప చేయడానికి)

పెన్నా ఒడ్డు రైతు, కోవూరు:

అందరికీ నమస్కారం. నా దగ్గర పాత మిత్సుబిషి శక్తి ఎంటీ 180డీ ఉంది. 18.5 హార్స్‌పవర్, మూడు సిలిండర్లు, లాగేది వెనక చక్రాలే. ఇంజను గట్టిగా ఉంది, వెనక పనిముట్లను ఎత్తే లిఫ్టు బాగా లేస్తుంది, స్టీరింగ్‌లో మాత్రం కాస్త లూజు ఉంది. దీనికి ముందువైపు బ్లేడు బిగించాలని అనుకుంటున్నాను. బిగించినవాళ్ళు, బిగించి తీసేసినవాళ్ళు ఎవరున్నా దయచేసి వివరంగా చెప్పండి.

ఎడగారు (మా దగ్గర రెండో పంట) వడ్లు చేతికి వచ్చేది వానల కాలంలో. మిషను కోసి పోసిన వడ్లు పచ్చిగా ఉంటాయి. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు. మిల్లుకు తోలితే తేమ పేరు చెప్పి పుట్టికి ఇన్ని కిలోలని తరుగు తీస్తారు. ఆరబెట్టక తప్పదు. ఇంటి వెనక 60 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పుతో సిమెంటు కల్లం పోయించుకున్నాను. అంగుళంన్నర మందాన పరిస్తే ఆరు పుట్లు పడతాయి. బయటి జిల్లాల వాళ్ళ కోసం చెబుతున్నాను, మా పుట్టి అంటే 850 కిలోలు. మధ్యాహ్నం దాకా ఎండ మాడుస్తుంది, నాలుగు గంటలకు పడమట మబ్బు లేస్తుంది. అది మన మీదకు రావడానికి అరగంట పట్టవచ్చు, పది నిమిషాలే పట్టవచ్చు. ఆలోగా అయిదు టన్నుల వడ్లు కుప్పకు చేరాలి, పట్టలు కప్పాలి. చెక్క పలకలతో లాగే మనుషులు ఆ వేళకు దొరకరు, దొరికినా వాళ్ళ నడుములు విరిగిపోతాయి. ఒకసారి తడిసిన వడ్లు మళ్ళీ ఆరినా రంగు మారతాయి, మొలకెత్తుతాయి. అలాంటి వడ్లకు ధర ఎవరిస్తారు?

వెనక లిఫ్టుకు పలక కట్టి లాగవచ్చు కదా అని మా ఊళ్ళో అంటున్నారు. అలా లాగితే నాలుగు చక్రాలూ వడ్లను తొక్కిన తర్వాతే పలక వాటిని అందుకుంటుంది. ఆరుగాలం కష్టపడి పండించిన గింజను చివరి రోజున టైరు కింద వేయడానికి నాకు మనసొప్పదు. బ్లేడు ముందుంటే చక్రాలు ఊడ్చిన నేల మీదే నడుస్తాయి. అమెరికాలో ఇళ్ళ ముందు మంచు తోసే చిన్న ట్రాక్టర్ల వీడియోలు చూశాను. వాటి పరిమాణం మన మినీ ట్రాక్టర్‌లో సగమో ముప్పావో ఉంటుంది, అయినా సునాయాసంగా తోసుకుపోతున్నాయి. మనవి ఎందుకు తోయలేవు?

నా సందేహాలు ఇవి. బ్లేడును బండికి ఏ భాగానికి బిగించాలి? నా బండికి వెనక లిఫ్టు తప్ప బయటికి ఆయిల్ లైను లేదు, మరి బ్లేడును పైకెత్తేది ఎలా? ముందు బరువు పెరిగితే పాత స్టీరింగ్ తట్టుకుంటుందా? ఇనుప అంచు సిమెంటు మీద రాసుకుంటూ పోతే గింజ నలగదా? ఇంకొకటి. 2021 నవంబరు పెన్నా వరదలో మా చేను మీద వేసిన ఇసుక మేట ఇంకా ఒక మూల అలాగే ఉంది. అదే బ్లేడుతో దాన్ని కూడా తోయగలిగితే సంతోషం.


ఆటోనగర్ వెల్డింగ్, నెల్లూరు:

అన్నా, బ్లేడు చేయడం పెద్ద పని కాదు. దాన్ని బండికి ఎక్కడ పట్టిస్తామన్నదే పని. అందుకే ఎక్కువ దాని గురించే రాస్తాను.

మన చిన్న ట్రాక్టర్లలో చాలావాటికి లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు. ముందు యాక్సిల్‌ను పట్టుకునే బ్రాకెట్టు, దాని వెనక ఇంజను, తర్వాత క్లచ్ హౌసింగ్, గేరుబాక్సు, వెనక యాక్సిల్ వరుసగా బోల్టులతో బిగించి ఉంటాయి. అన్నీ పోత ఇనుము. బండికి వెన్నెముక అదే. నాగలి కట్టినప్పుడు లాగుడు భారమంతా వెనక యాక్సిల్ దగ్గరే ఉంటుంది కాబట్టి ముందు భాగానికి ఆ శ్రమ తెలియదు. బ్లేడును తీసుకెళ్ళి ముందు బ్రాకెట్టుకు బిగించారనుకోండి, ప్రతి తోపూ, ప్రతి దెబ్బా ఇంజను మీదుగా, క్లచ్ హౌసింగ్ మీదుగా వెనక్కి రావాలి. కల్లంలో సిమెంటు పలకల అతుకు ఒకటి అర అంగుళం పైకి లేచి ఉండి దానికి బ్లేడు కొట్టుకుంటే చాలు. మెత్తటి ఇనుమైతే వంగి ఊరుకుంటుంది, పోత ఇనుము పగులుతుంది. బోల్టు చెవుల దగ్గర హౌసింగ్ పగిలి మా దగ్గరకు వచ్చిన బండ్లు ఉన్నాయి. వాటిని మామూలు వెల్డింగ్‌తో అతికించినా నిలబడదు.

కాబట్టి తోపు వెనక నుంచి రావాలి. వెనక యాక్సిల్ గొట్టాలకు రెండు వైపులా గట్టి పట్టీలు బోల్టులతో బిగించండి. యాక్సిల్ మీద వెల్డింగ్ మాత్రం పెట్టనివ్వకండి, ఎంత పెద్ద మేస్త్రీ చెప్పినా సరే. ఆ పట్టీల నుంచి రెండు పొడవాటి చేతులు కాళ్ళు పెట్టే రేకుల కింద నుంచి ముందుకు రావాలి. 75 మిల్లీమీటర్ల చానల్ సరిపోతుంది. చేతుల వెనక కొసలు పిన్నుల మీద తిరగాలి, ముందు కొసలకు బ్లేడు ఉండాలి. ముందు బ్రాకెట్టు దగ్గర రెండు నిలువు పట్టీలు పెడితే చేతులు వాటి మధ్య పైకీ కిందికీ ఆడతాయి, పక్కకు మాత్రం పోవు. తోపును మోయడం ఆ పట్టీల పని కాదు, దారి చూపడమే.

కొలతలు తీసేటప్పుడు స్టీరింగ్‌ను పూర్తిగా కుడికి, పూర్తిగా ఎడమకు తిప్పి చూడండి. టైరుకూ చేతికీ మధ్య రెండు వేళ్ళ సందు అయినా ఉండాలి. చాలామంది చక్రాలు నేరుగా ఉన్నప్పుడు కొలిచి చేయించుకుంటారు, ఇంటికి పోయి మలుపు తిప్పేసరికి టైరు చానల్‌ను గీరుతుంది.

బరువు సంగతి. 54 అంగుళాల పొడవు, 16 అంగుళాల ఎత్తు, 5 మిల్లీమీటర్ల మందం ప్లేటు దాదాపు 22 కిలోలు. చానల్ చేతులు రెండూ కలిపి ఇంకో 20 కిలోల పైమాటే. వెనక బలానికి యాంగ్లర్లు (ఎల్ ఆకారపు ఇనుప కడ్డీలు), పిన్నులు, పట్టీలు అన్నీ కలిస్తే 80 కిలోల దగ్గరకు వస్తుంది. మీ బండి బరువు చూస్తే ముందు యాక్సిల్‌కు ఇది చిన్న భారం కాదు. సెంటర్ పిన్ను బుష్‌లు, హబ్ బేరింగులు, టై రాడ్ కొసలు ముందే మార్పించండి. ఆ లూజు అలాగే ఉంచి బ్లేడు ఎక్కిస్తే స్టీరింగ్ ఇంకా పాడవుతుంది.


ఒంగోలు, ఇప్పుడు మిషిగన్:

మాది ఒంగోలు పక్కన పల్లె. ఉండేది మిషిగన్‌లో, సరస్సుకు తూర్పు ఒడ్డున. సరస్సు మీదుగా వచ్చే చలిగాలి తేమను మోసుకొచ్చి ఇక్కడ మంచుగా కుమ్మరిస్తుంది, కాబట్టి మంచు తోయడం ఇక్కడ ఇంటింటి పని. నా దగ్గర ఉన్నది జాన్ డీర్ 318. 1983 నుంచి 1992 దాకా తయారైన మోడల్, 18 హార్స్‌పవర్ పెట్రోలు ఇంజను, ముందు 54 అంగుళాల బ్లేడు. మీ ఆలోచన నాకు ఎంతో నచ్చింది. అయితే వీడియోలో కనిపించని తేడాలు కొన్ని ఉన్నాయి, అవి తెలుసుకుని దిగండి.

మొదటి తేడా వెల్డింగ్ అన్న చెప్పిందే. ఇక్కడి పెరటి ట్రాక్టర్లకు కింద ఉక్కు ఫ్రేము ఉంటుంది, ఇంజను దాని మీద కూర్చుంటుంది. బ్లేడు తోపు ఆ ఫ్రేము మీదకు పోతుంది కానీ ఇంజను మీదకు రాదు. అందుకే నలభై ఏళ్ళ బండి అయినా తట్టుకుంటోంది. మీ బండికి ఆ ఫ్రేమును మీరు తయారు చేయించుకోవాలి, అంతే.

రెండోది క్లచ్. నా బండి హైడ్రోస్టాటిక్, అంటే ఆయిలు ఒత్తిడితో నడిచేది, క్లచ్ తొక్కి గేరు మార్చే పని లేదు. లీవరు ముందుకు నెడితే ముందుకు, వెనక్కి లాగితే వెనక్కి. మంచు తోయడమంటే ముందుకు వెళ్ళడం, వెనక్కి రావడం, మళ్ళీ ముందుకు వెళ్ళడం. మీ బండికి ప్రతిసారీ క్లచ్ తొక్కి గేరు మార్చాలి. సగం క్లచ్ మీద తోస్తే ప్లేటు త్వరగా అరిగిపోతుంది. లో గేరులో పెట్టి, క్లచ్ పూర్తిగా వదిలి, ఇంజను నెమ్మదిగా నడిపి తోయండి. వేగం ఎప్పుడూ వద్దు. ఇక్కడ కూడా బండ్లు పాడయ్యేది బరువు వల్ల కన్నా వేగంగా పోయి గుద్దడం వల్లే.

మూడోది అసలైనది, బరువు. అప్పుడే పడిన పొడి మంచు ఘనమీటరుకు 100 కిలోలు కూడా తూగదు. వడ్లు 570, 580 దాకా తూగుతాయి. 54 అంగుళాల పొడవు, 16 అంగుళాల ఎత్తు బ్లేడు ముందు నిలిచే వడ్లు 80, 90 కిలోలు. అంగుళంన్నర మందాన పరిచిన వడ్లలో బ్లేడు తొమ్మిది అడుగులు పోయేసరికి అది నిండిపోతుంది. ఆ తర్వాత తోసేవన్నీ రెండు పక్కల నుంచీ జారిపోయి గట్లు కడతాయి. మంచుకు అది పరవాలేదు, మేము బ్లేడును 25, 30 డిగ్రీలు ఏటవాలుగా తిప్పి కావాలనే ఒక పక్కకు దొర్లిస్తాం. మీకు కావలసింది పక్కకు దొర్లడం కాదు, ఒకచోటికి చేరడం. కాబట్టి మీరు వీడియోల్లో చూసిన బ్లేడు మీ పనికి తగినది కాదని నా అభిప్రాయం.

ఇక్కడ పెద్ద దుకాణాల ముందు బండ్లు నిలిపే స్థలాల్లో ఇంకో రకం వాడతారు, పుషర్ అంటారు. ఏటవాలు తిప్పడం ఉండదు. నేరుగా ఉన్న పలక, దాని రెండు కొసలకు ముందుకు పొడుచుకొచ్చిన రెక్కలు, అడుగున ఇనుముకు బదులు మందపాటి రబ్బరు అంచు. ముందు గోడ తీసేసిన పెట్టెలా ఉంటుంది. మీ కొలతకు 54 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల ఎత్తు, 2 అడుగుల రెక్కలు పెట్టించుకుంటే ఒక తోపుకు 200 కిలోల దాకా వస్తాయి. ఆరు పుట్లు అంటే 5,100 కిలోలు, పాతిక తోపులు. పక్కకు జారేది ఉండదు కాబట్టి వెనక ఊడ్చేవాళ్ళకూ పని తక్కువ.

ఎటు తోయాలన్నది కూడా ముందే అనుకోండి. మంచులో మొదటి పాఠం అదే. ఈ పుషర్ నిండడానికి ఇరవై అడుగులు పడుతుంది, మీ కల్లం వెడల్పు నలభై. కాబట్టి రెండు పక్కల నుంచీ మధ్యకు తోస్తే పొడవునా ఒకే వరుసలో కుప్ప వస్తుంది. కల్లం వాలు ఎటు ఉంది? వాలు పొడవు వైపు ఉంటే మరీ మంచిది, వాన నీరు కుప్పకు రెండు పక్కలా పారిపోతుంది. వాలుకు అడ్డంగా కుప్ప పోస్తే అదే కట్టగా మారి నీళ్ళు ఆపుతుంది, పట్ట కింద నుంచి తడుస్తుంది.

వెనక చక్రాలకు బరువు కావాలి. మేము ట్యూబుల్లో కాల్షియం క్లోరైడు ద్రావణమో, బీట్ దుంపల నుంచి తీసిన ద్రవమో నింపుతాం. మామూలు నీళ్ళు ఇక్కడ గడ్డకడతాయి. మీకు ఆ బాధ లేదు, నీళ్ళు చాలు. ట్యూబులో ముప్పావు వంతు నింపండి, మిగతాది గాలి. టైర్లకు గొలుసులు మీకు అనవసరం.


పెన్నా ఒడ్డు రైతు, కోవూరు:

ఇద్దరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. పుషర్ అనే మాట నేను వినలేదు, కానీ చదువుతుంటే నా కల్లంలో వడ్లు కదులుతున్నట్టే ఉంది. కల్లం వాలు పొడవు వైపే ఉంది, పంటకాలువ దిక్కుకు. కల్లం అంచుల బయట ఒక పక్క పది అడుగుల ఖాళీ ఉంది, రెండో పక్క ప్రహరీ గోడ. గోడ వైపు నుంచి ట్రాక్టరు మొదలుపెట్టడానికి చోటు లేదు. అటు ఎలా తోయాలి?

బండి కిందకు దూరి చూశాను. వెల్డింగ్ తమ్ముడు చెప్పినట్టు ఛాసిస్ అన్నది లేనే లేదు. వెనక యాక్సిల్ గొట్టం మీద ఫెండరు బ్రాకెట్టు బోల్టులు ఉన్నాయి, వాటి పక్కన పట్టీ చుట్టడానికి నాలుగు అంగుళాల చోటు దొరుకుతుంది. ఎడమ వైపు మాత్రం బ్రేకు రాడ్డు అడ్డం వస్తోంది. ఆ వైపు చానల్‌ను కిందికి దించాలా, లోపలికి జరపాలా?


అల్లూరు రొయ్యల చెరువు:

నాది వేరే సలహా. ముందు బ్లేడు ఖర్చు ఎందుకు? వెనక లిఫ్టుకు పలక పెట్టి రివర్సులో తోయండి. అప్పుడు కూడా చక్రాలు ఊడ్చిన నేల మీదే ఉంటాయి. లిఫ్టు ఉంది కాబట్టి ఎత్తడం దించడం సమస్యే లేదు. మా చెరువుల్లో పట్టుబడి అయ్యాక నీళ్ళు తీసేసి, అడుగు నెర్రెలు బారేదాకా ఎండబెట్టి, పైన నల్లమట్టి గీకడానికి మేము వాడేది వెనక బ్లేడే.

ఇసుక మేట గురించి. ఆ పని ఈ బండితో, ముందు బ్లేడుతో పెట్టుకోవద్దు. ఇసుక వడ్లకు మూడింతలు బరువు, అందులోనూ నాలుగేళ్ళుగా గడ్డి వేళ్ళు పట్టి బిగిసిపోయి ఉంటుంది. ముందు కల్టివేటరుతో లూజు చేసి, తర్వాత వెనక బ్లేడుతో కొద్దికొద్దిగా లాగండి. ఎక్కువ ఉంటే పెద్ద బండి పిలిపించండి. గట్టు మీదనో కాలువ ఒడ్డుననో పోయకండి, మొదటి వానకే మళ్ళీ చేలోకి దిగుతుంది. మా నల్లమట్టితో మాకు ప్రతి ఏడూ ఇదే గొడవ.


పెన్నా ఒడ్డు రైతు, కోవూరు:

రివర్సు ఆలోచన బాగానే ఉంది కానీ నాకు రెండు అభ్యంతరాలు. లిఫ్టు కింది చేతులు లాగడానికి పెట్టినవి. 200 కిలోల వడ్లను వాటితో వెనక్కి తోస్తే అవి పక్కలకు ఆడతాయి, గొలుసులు ఎంత బిగించినా. రెండోది, మబ్బు కమ్మిన వేళ ఆ హడావుడిలో అయిదు టన్నులు అయ్యేదాకా మెడ వెనక్కి తిప్పుకుని బండి నడపాలి. కల్లంలో చీపుర్లతో ఊడ్చే ఆడవాళ్ళు, పట్టలు మోసే పిల్లలు అటూ ఇటూ తిరుగుతుంటారు. నా చూపు నేను పోయే దిక్కుకే ఉండాలి. ఈ ఒక్క విషయంలో నేను రాజీపడలేను. ఇసుక సంగతి మాత్రం మీరు చెప్పిందే సబబు, దాన్ని ఈ పనిలోంచి తీసేస్తున్నాను.


కందుకూరు ఆడపడుచు:

నేను ట్రాక్టరు మనిషిని కాను, కల్లం మనిషిని. మీరు ఊడ్చేవాళ్ళను తలచుకున్నారు కాబట్టి రాస్తున్నాను.

కల్లంలోకి ఎక్కించే ముందు బండి కింద అట్ట ఒకటి రాత్రంతా పరిచి పొద్దున చూడండి. పాత బండి ఎక్కడో ఒకచోట ఆయిలు కారుస్తుంది. వడ్ల మీద డీజిలో గ్రీజో పడితే ఆ వాసన బియ్యం దాకా పోతుంది. సీళ్ళు మార్పించాకే కల్లంలోకి రానివ్వండి. చేలో తిరిగిన టైరు గాడుల్లో మట్టి, రాళ్ళు ఇరుక్కుని ఉంటాయి, ఎండాక అవి కల్లంలోనే రాలతాయి. ఎడగారు వడ్ల రోజుల్లో బండిని దమ్ములోకి దింపకుండా ఉంటే సరే, లేకపోతే ప్రతిసారీ కడగాలి.

విత్తనానికి ఉంచుకునే వడ్లను ఈ యంత్రంతో ముట్టుకోవద్దు. వాటిని విడిగా పట్ట మీద ఆరబెట్టి చేత్తోనే ఎత్తుకోండి. లోపల పగిలిన గింజ పైకి తెలియదు, నారుమడిలో తెలుస్తుంది.

గోడ పక్క సంగతి అడిగారు. గోడ నుంచి ఒక ట్రాక్టరు పొడవు మేర వడ్లు పరచకుండా వదిలేయండి. చోటు తగ్గుతుందని బాధపడకండి, ఆ ఖాళీలో పట్టలు, చీపుర్లు, గోతాలు పెట్టుకోవచ్చు. ఎక్కడ పెట్టామో వెతుక్కునే పని కూడా ఉండదు.

ఇంకొకటి. బండి కదిలే ముందు ఒకరు గట్టిగా కేకపెట్టాలి, అందరూ కుప్ప గీత దాటి ఇవతలికి రావాలి. ఇది పట్టింపుగా పెట్టుకోండి. మబ్బు వేళ ఎవరి తొందర వాళ్ళది.


ఆటోనగర్ వెల్డింగ్, నెల్లూరు:

అక్క చెప్పిన ఆయిలు మాట వంద పాళ్ళు నిజం.

అన్నా, బ్రేకు రాడ్డు దగ్గర చానల్‌ను లోపలికి జరపండి, కిందికి దించవద్దు. దించితే గట్లు దాటేటప్పుడు తగులుతుంది. రెండు చేతులూ ఒకే దూరంలో ఉండాలి కాబట్టి కుడి వైపు కూడా అంతే లోపలికి రావాలి. లేకపోతే తోపు ఒక పక్కకే పడి బండి పక్కకు లాగుతుంది.

ఎత్తడానికి ఆయిలు లైను అవసరం లేదు, మీ వెనక లిఫ్టే ముందు పుషర్‌ను ఎత్తుతుంది. ఇలా చేయండి. లిఫ్టు చేతికి 8 మిల్లీమీటర్ల ఉక్కు తాడు కట్టండి. దాన్ని కిందికి తెచ్చి డ్రాబారు (వెనక ట్రాలీ తగిలించే కడ్డీ) దగ్గర ఒక కప్పీ కింద నుంచి మలపండి. అక్కడి నుంచి బండి కింద పొడవునా ముందుకు తీసుకుపోయి, ముందు బ్రాకెట్టు పైన ఇంకో కప్పీ మీద నుంచి దించి, పుషర్ చేతులను కలిపే అడ్డ కడ్డీకి కట్టండి. లిఫ్టు పైకి లేస్తే వెనక తాడు గుంజుకుంటుంది, ముందు పుషర్ లేస్తుంది. లిఫ్టు దించితే పుషర్ తన బరువుతో తానే నేలకు ఆనుతుంది. నేలను అదిమిపట్టే బలం దీనికి ఉండదు, వడ్లకు ఆ బలం వద్దు కూడా. ముందు బ్రాకెట్టు మీద పడేది ఎత్తే బరువు ఒక్కటే, అది కూడా ఎత్తినంతసేపే.

ఎత్తి ఉంచి రోడ్డు మీద పోయేటప్పుడు తాడును నమ్మవద్దు. రెండు వైపులా గొలుసు కొక్కేలు తగిలించండి. కింద చేయి పెట్టి పని చేసేటప్పుడు మొద్దు దూర్చి చేయి పెట్టండి.

మంచు బ్లేడుకు దెబ్బ తగిలితే ముందుకు తూలి మళ్ళీ లేచే స్ప్రింగులు ఉంటాయి. రబ్బరు అంచుకు అంత ఏర్పాటు అక్కరలేదు. పుషర్‌ను నిలువుగా పట్టి ఉంచే పై కడ్డీకి గట్టి బోల్టు బదులు మెత్తటి 8 మిల్లీమీటర్ల బోల్టు వేస్తాను. ఎక్కడైనా గట్టిగా తగిలితే ఆ బోల్టు తెగుతుంది, పుషర్ తూలుతుంది, బండికి ఏమీ కాదు. అలాంటివి నాలుగు టూల్‌బాక్సులో వేసుకోండి.

బండి మీద ఎక్కడైనా వెల్డింగ్ పెట్టాల్సి వస్తే బ్యాటరీ వైర్లు తీసి, ఆల్టర్నేటరు వైరు కూడా విప్పాకే పెట్టాలి. మా దగ్గరే కాదు, ఎక్కడ చేయించినా ఇది అడగండి.


ఒంగోలు, ఇప్పుడు మిషిగన్:

ఆ ఉక్కు తాడు పద్ధతి చూసి సంతోషం వేసింది. ఇక్కడ కూడా హైడ్రాలిక్స్ లేని పాత బండ్లకు ఇలాంటివే కట్టుకుంటారు, లేదా చేతి లీవరు పెట్టుకుంటారు. తాడు కప్పీ మీద నుంచి జారకుండా పైన చిన్న కాపు రేకు పెట్టించండి. వదులుగా ఉన్నప్పుడే తాడు తప్పుకుంటుంది.

రేడియేటరును మరిచిపోకండి. వడ్ల దుమ్ము, నూగు జాలీకి పట్టుకుంటే ఇంజను వేడెక్కుతుంది. ముందు సన్నటి దోమతెర గుడ్డ కట్టి, పని అయిన ప్రతిసారీ దులపండి. సైలెన్సరు చుట్టూ గడ్డి పీచు చేరకుండా చూసుకోండి.


పెన్నా ఒడ్డు రైతు, కోవూరు:

నిర్ణయం అయిపోయింది. ఏటవాలు తిరిగే బ్లేడు వద్దు, పుషర్ చేయిస్తున్నాను. 54 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల ఎత్తు, 2 అడుగుల రెక్కలు. వెనక యాక్సిల్ నుంచి చేతులు, లిఫ్టు నుంచి తాడు. రెక్కలతో బరువు పెరుగుతుంది కాబట్టి పెద్ద పలకను 5 మిల్లీమీటర్లకు బదులు 4 చేసి, వెనక యాంగ్లర్లు ఎక్కువ పెట్టించాలని అనుకుంటున్నాను. వడ్లకు అది చాలు. పుషర్ కన్నా ముందు సెంటర్ పిన్ను, బుష్‌లు, హబ్ బేరింగులు, వెనక సీళ్ళ పని. వెనక ట్యూబుల్లో నీళ్ళు. గోడ పక్క చోటు వదిలేస్తాను. అక్కా, మీరు చెప్పిన కేక సంగతి మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను.

ఒక్క ప్రశ్న మిగిలింది. అంచుకు రబ్బరు ఎలాంటిది తీసుకోవాలి? పాత లారీ టైరు కోసి వేయవచ్చని ఇక్కడ ఒకరు అన్నారు.


ఆటోనగర్ వెల్డింగ్, నెల్లూరు:

టైరు వద్దు అన్నా. అందులో ఉక్కు తీగలు ఉంటాయి, అరిగే కొద్దీ బయటికి వచ్చి సిమెంటును గీకుతాయి, తెగి వడ్లలో కలుస్తాయి. పాత కన్వేయరు బెల్టు ముక్క తీసుకోండి, పాత సామాన్ల దుకాణాల్లో అడిగితే దొరుకుతుంది. లోపల గుడ్డ పొరలు ఉన్నది చూసుకోండి, తీగలు ఉన్నది వద్దు. బొగ్గు మోసిన బెల్టు అయితే సబ్బు నీళ్ళతో నలుపు పోయేదాకా రుద్ది కడగాలి. మందం 12 మిల్లీమీటర్లు ఉంటే మంచిది. పలక అడుగు నుంచి అంగుళంన్నర కిందికి వేలాడాలి, రెక్కల అడుగున కూడా అంతే. పలకలో బోల్టు రంధ్రాలు గుండ్రంగా కాకుండా నిలువు గాడుల్లా కోయిస్తాను, రబ్బరు అరిగినప్పుడు బోల్టులు వదులు చేసి కిందికి జరుపుకోవచ్చు. రబ్బరు మీద 25 మిల్లీమీటర్ల ఫ్లాటు పట్టీ వేసి బిగించాలి, లేకపోతే బోల్టు తలలు రబ్బరును చీల్చుకుని వస్తాయి.

సీళ్ళు, బేరింగుల పని అయ్యాక బండి తీసుకురండి. స్టీరింగ్ తిప్పి చూసి, బండి మీదే కొలతలు తీస్తాను. కాగితం మీద కొలతలు పంపవద్దు.